రాసిన స్క్రిప్టు పక్క ఊరికి చేరేదెట్లా

(నల్గొండలో ఆన్‌లైన్ సెంటర్లు, డీటీపీ షాపులు నడిపేవాళ్ళు, కంప్యూటర్ డిగ్రీ విద్యార్థులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ నుంచే కాదు, అటు కల్వకుర్తి నుంచి కూడా వచ్చినవాళ్ళు కనిపిస్తున్నారు. పని వదిలి, షట్టర్ దించి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

మన సెంటర్లలో ఆటోమేషన్ అనే మాట ఎక్కువగా వినపడదు. పని మాత్రం ఎప్పటినుంచో జరుగుతోంది. ఒక షాపులో కుర్రాడు ఆటోహాట్‌కీలో, అంటే కీబోర్డు పనులను తనంతట తాను చేసిపెట్టే విండోస్ సాఫ్ట్‌వేర్‌లో, నాలుగు వరుసలు రాసి పెట్టుకుంటాడు. మూడు అక్షరాలు కొట్టగానే ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ వరుసగా పడిపోతాయి. ఇంకో షాపులో ఒక్క కీ నొక్కితే స్కాన్ చేసిన ఫొటో కావలసిన కేబీలకు తగ్గి, పేరు మారి, దాని ఫోల్డర్‌లోకి వెళ్ళిపోతుంది. రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి లారీల తూకం చీటీలను ఎక్సెల్ మ్యాక్రోతో రోజువారీ రిజిస్టరుగా మార్చేస్తుంది. వీటిని రాసినవాళ్ళలో చాలామంది తమను ప్రోగ్రామర్లు అనుకోరు. నా లెక్కలో వాళ్ళు ప్రోగ్రామర్లే, అందులోనూ మంచి ప్రోగ్రామర్లు. రోజూ తాము చేసే పనికే రాసుకున్నారు కాబట్టి ఆ పనిలో ఎక్కడ టైం పోతుందో, ఎక్కడ తప్పు పడుతుందో వాళ్ళకు బాగా తెలుసు.

కంప్యూటర్‌తో ఇలా పని చేయించే వరుసలనే స్క్రిప్టు అంటారు. అది ఎలా రాయాలో చెప్పడానికి నేను రాలేదు. రాసింది పక్క షాపుకు ఎలా చేరుతుంది, చేరాక అందులో మార్పు చేస్తే ఆ మార్పు ఎలా చేరుతుంది, ఈ ఒక్క విషయం మీదే మాట్లాడతాను.

ఇప్పుడు చేరుతున్నది పెన్‌డ్రైవ్‌లో, లేకపోతే వాట్సాప్‌లో. మొదటిసారి చేరడానికి ఆ రెండూ చాలు. చిక్కంతా రెండోసారి వస్తుంది.

ఊరు, మండలం, జిల్లా పడే ఆ చిన్న స్క్రిప్టునే తీసుకోండి. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. ఉమ్మడి నల్గొండ మూడైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. కొడంగల్ వికారాబాద్‌లో కలిసింది. షాద్‌నగర్, ఆమనగల్ రంగారెడ్డిలోకి పోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా వచ్చింది, మక్తల్ అందులోకి వెళ్ళింది. అంటే మక్తల్ అని కొడితే 2018లో ఒక జిల్లా పడాలి, 2019లో ఇంకో జిల్లా పడాలి. స్క్రిప్టు రాసినవాడు తన కంప్యూటర్లో ఆ రోజే సరిచేసుకుంటాడు. అతని దగ్గర కాపీ తీసుకెళ్ళినవాళ్ళ సంగతేంటి? వాళ్ళ దగ్గర కాపీ తీసుకెళ్ళినవాళ్ళ సంగతేంటి? దరఖాస్తు వెనక్కి వచ్చిన రోజున గానీ వాళ్ళకు తెలియదు. ఆ తప్పు ఖరీదు కట్టేది కూడా సెంటర్ కాదు, బస్సు ఛార్జీ పెట్టుకుని మళ్ళీ రావలసిన మనిషి. నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు అందుకే.

ఇలాంటి మార్పులు ఆగవు. 2024 మార్చి నుంచి కొత్త బండ్ల నంబర్లు టీఎస్ బదులు టీజీతో వస్తున్నాయి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారింది. 12, 28 శాతంలో ఉన్న వస్తువుల్లో ఎక్కువ భాగం 5కో 18కో వచ్చాయి, సిమెంట్ 28 నుంచి 18కి దిగింది. హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలున్న ప్రాంతం మనది, ఇటుక నుంచి రంగుల దాకా అమ్మే షాపులు ప్రతి మండలంలో ఉన్నాయి. బిల్లు వేసే మ్యాక్రోలో 28 అని లోపలే రాసిపెట్టుకున్న షాపులో 22వ తేదీ ఉదయం ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి.

ఈ చిక్కును ప్రోగ్రామర్లు తమ కోసం ఎప్పుడో తీర్చుకున్నారు. ఆ పరికరం పేరు ప్యాకేజీ మేనేజర్, అంటే ప్రోగ్రాములను దించి ఎక్కించి, కొత్త వెర్షన్ వస్తే మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్. లైనక్స్‌లో డెబియన్ లాంటివాటికి 1990ల నుంచే ఉంది. జావాస్క్రిప్ట్ అనే భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళకు 2010లో ఎన్‌పీఎం అనే మేనేజర్ వచ్చింది. వీటిని ప్రోగ్రాములు రాసేవాళ్ళే వాడాలని ఎవరూ గీత గీయలేదు. మనలాంటి వాళ్ళ రోజువారీ పనుల స్క్రిప్టులను కూడా ఈ దారిలో పంపవచ్చని చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. ఆ ఉదాహరణ కొంచెం వివరంగా చెప్తాను, అందులో మంచీ ఉంది, జాగ్రత్త పడాల్సిందీ ఉంది.

ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో ఆల్‌ఫ్రెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. కీబోర్డు మీద ఒక షార్ట్‌కట్ నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో ఏదైనా టైప్ చేస్తే వెతికి పెడుతుంది, తెరిచి పెడుతుంది. 2013లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి అందులో వర్క్‌ఫ్లోలు చేసుకోవచ్చు. అంటే ఒక మాట టైప్ చేయగానే మీరు రాసిన స్క్రిప్టు నడిచి, ఫలితాలను ఆ పెట్టెలోనే చూపిస్తుంది. వర్క్‌ఫ్లో అంటే నిజానికి ఒక ఫోల్డరే. దాన్ని జిప్ చేసి, చివర ఎక్స్‌టెన్షన్ మార్చి పంపుకుంటారు. అవతలివాళ్ళు డబుల్ క్లిక్ చేస్తే ఎక్కుతుంది. మన పెన్‌డ్రైవ్ పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు, కష్టాలు కూడా అవే. 2022లో మ్యాక్ 12.3 అప్‌డేట్‌లో ఆపిల్ పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాషను తీసేసింది. దాని మీద ఆధారపడిన వర్క్‌ఫ్లోలు ఎన్నో ఆగిపోయాయి. రాసినవాళ్ళు సరిచేసినా, పాత ఫైలు పెట్టుకున్నవాళ్ళకు ఆ సంగతి తనంతట తాను చేరదు.

నార్వేకు చెందిన సిండ్రే సోర్హుస్ అనే ప్రోగ్రామర్ ఆల్ఫీ అనే లైబ్రరీ, అంటే మిగతావాళ్ళు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే సిద్ధమైన కోడ్, రాశాడు. దానితో వర్క్‌ఫ్లోను మామూలు ఎన్‌పీఎం ప్యాకేజీగా తయారు చేయవచ్చు. వాడేవాళ్ళు టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే విండోలో, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని ఒక్క వరుస కొడతారు. ప్యాకేజీ దిగుతుంది, దానికి కావలసిన ఇతర ప్యాకేజీలూ వెంట దిగుతాయి. దిగడం పూర్తవగానే పోస్ట్‌ఇన్‌స్టాల్ అనే చిన్న స్క్రిప్టు నడిచి, ఆల్‌ఫ్రెడ్ వర్క్‌ఫ్లోల ఫోల్డర్‌లో ఒక లింకు పెడుతుంది. ఫైళ్ళు ఎన్‌పీఎం దగ్గరే ఉంటాయి, ఆల్‌ఫ్రెడ్‌కు మాత్రం తన దగ్గర ఉన్నట్టే కనపడతాయి. కొత్త వెర్షన్ వస్తే వాడేవాళ్ళకు కబురు కూడా అందుతుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ లింకు ఆలోచన. కాపీ చేస్తే రెండు చోట్ల రెండు నకళ్ళు తయారవుతాయి, ఎప్పుడో ఒకప్పుడు అవి వేరైపోతాయి. లింకు పెడితే అసలు ఎప్పుడూ ఒక్కటే.

ప్యాకేజీ మేనేజర్ నిజంగా చేసే పని ఏంటో మన గద్వాల వైపు పత్తి విత్తనం పండించే రైతుకు చెప్తే వెంటనే అర్థమవుతుంది. విడిగా మూట కట్టి ఇచ్చిన గింజలు మంచివే కావచ్చు. కానీ మొలకెత్తకపోతే ఎవరిని అడగాలి? సంచి మీద రకం పేరు, లాట్ నంబరు, తయారుచేసిన కంపెనీ, గడువు తేదీ ఉంటే, లోపం వచ్చినప్పుడు ఆ లాట్ ఎక్కడెక్కడికి వెళ్ళిందో వెతకవచ్చు, మిగిలింది వెనక్కి పిలవవచ్చు. ప్యాకేజీకి కూడా పేరు, వెర్షన్ నంబరు, రాసినవాళ్ళ వివరం, ఏది ఉంటే నడుస్తుందో ఆ జాబితా ఉంటాయి. మీ స్క్రిప్టు పనిచేయడం లేదు అని ఫోన్ చేస్తే, మొదట అడిగే మాట "ఏ వెర్షన్?" అనే. పెన్‌డ్రైవ్ ఫైలుకు ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

సరే, మన దగ్గర మ్యాక్‌లు తక్కువ. విండోస్‌కు ఏముంది? మైక్రోసాఫ్ట్ వాళ్ళదే వింగెట్ ఉంది, 2021లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. అంతకన్నా ముందు నుంచి చాక్లెటీ ఉంది. మన అవసరానికి నేను స్కూప్‌ను సిఫారసు చేస్తాను. కారణం చెప్తాను. స్కూప్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు, అన్నింటినీ వాడేవాళ్ళ సొంత ఫోల్డర్‌లోనే పెడుతుంది. షాపు ఓనర్ పాస్‌వర్డ్ ఇవ్వకపోయినా అక్కడ పనిచేసే అమ్మాయి వాడుకోవచ్చు. రెండోది, ప్యాకేజీల జాబితాను ఎవరైనా సొంతంగా పెట్టుకోవచ్చు. ఆ జాబితాను బకెట్ అంటారు. బకెట్ అంటే గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే వెబ్‌సైట్‌లో ఒక రిపాజిటరీ, అంటే ఫైళ్ళ ఫోల్డర్. అందులో ప్యాకేజీకి ఒక చిన్న జేసన్ ఫైలు, అంటే వివరాలు రాసే టెక్స్ట్ ఫైలు. ఖర్చు లేదు.

ఆ జేసన్ ఫైలులో ఏముంటుంది? వెర్షన్ నంబరు, ఫైలు దొరికే చిరునామా, ఆ ఫైలు హ్యాష్. హ్యాష్ అంటే ఫైలులో ఉన్న ప్రతి అక్షరం నుంచి లెక్కగట్టిన గుర్తు. ఫైలులో ఒక్క అక్షరం మారినా గుర్తు మారిపోతుంది, స్కూప్ ఇన్‌స్టాల్ చేయకుండా ఆగిపోతుంది. డిపెండ్స్ అనే చోట ఆటోహాట్‌కీ అని రాస్తే, అది లేని కంప్యూటర్‌లో ముందు దాన్ని దించుకుంటుంది, ఆటోహాట్‌కీ ఉన్న బకెట్‌ను కూడా జోడించి ఉంటే. ఇక పర్సిస్ట్ అనే గడి ఉంది. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్ళ స్క్రిప్టుల్లో అసలు మెలిక ఇక్కడే ఉంది.

మీరు రాసిన స్క్రిప్టులో రెండు రకాల విషయాలు కలిసిపోయి ఉంటాయి. పని చేసే తీరు అందరికీ ఒకటే. షాపు పేరు, ఫోన్ నంబరు, ప్రింటర్ పేరు, ఫొటోలు పెట్టుకునే ఫోల్డర్ ఎవరివి వాళ్ళవి. రెండూ ఒకే ఫైలులో ఉంటే అప్‌డేట్ అనేది సాధ్యం కాదు. కొత్త ఫైలు వేస్తే సెట్టింగులు పోతాయి, సెట్టింగులు పోతాయని జనం పాత ఫైలే ఉంచుకుంటారు. అందుకని సెట్టింగులను విడి ఫైలులోకి తీయండి. దాని పేరు పర్సిస్ట్‌లో రాయండి. వెర్షన్లు ఎన్ని మారినా స్కూప్ దాన్ని పక్కన భద్రంగా ఉంచి, కొత్త వెర్షన్‌కు లింకు చేస్తుంది. ప్యాకేజీ చేయకపోయినా సరే, ఈ విడదీయడం ఒక్కటి చేయండి. జీఎస్టీ శాతాలు, మండలాల జాబితా లాంటివి మూడో రకం: అందరికీ ఒకటే, కానీ మారుతుంటాయి. వాటిని కూడా స్క్రిప్టులో నుంచి తీసి ఒక పట్టికలో పెట్టండి. అప్పుడు మార్పు వచ్చిన రోజు పట్టిక మాత్రం సరిచేసి, వెర్షన్ నంబరు ఒకటి పెంచి, కొత్త హ్యాష్ వేసి పంపితే చాలు.

మీ కంప్యూటర్లో నడిచింది ఇంకోచోట నడవకపోవడానికి ఇంకా కొన్ని కారణాలున్నాయి. స్క్రీన్ మీద ఇక్కడ క్లిక్ చేయి అని కొలతలతో రాస్తే, అవతల స్క్రీన్ సైజు వేరైనా, డిస్‌ప్లే స్కేలింగ్ 125 శాతం పెట్టుకున్నా, క్లిక్ ఇంకో బటన్ మీద పడుతుంది. విండో పేరు, బటన్ పేరు పట్టుకుని రాయాలి. సీ డ్రైవ్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్ దారిని స్క్రిప్టులో రాయకూడదు. తెలుగు అక్షరాలున్న స్క్రిప్టును యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో సేవ్ చేయాలి. ఆటోహాట్‌కీ పాత వెర్షన్ అయితే, ఫైలు మొదట్లో ఉండే బీఓఎం గుర్తుతో సహా సేవ్ చేయాలి, లేకపోతే తెలుగు అంతా చెత్త అక్షరాలుగా పడుతుంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన ఆటోహాట్‌కీ 2.0లో భాషే చాలా మారింది, 1.1లో రాసినవి అందులో అలాగే నడవవు. మీది ఏదో ప్యాకేజీలో స్పష్టంగా చెప్పాలి. ఇంకోటి, స్క్రిప్టును ఈఎక్స్‌ఈగా, అంటే నేరుగా నడిచే ప్రోగ్రాము ఫైలుగా, మార్చి పంపకండి. ఆటోహాట్‌కీ ఈఎక్స్‌ఈలను యాంటీవైరస్‌లు తరచుగా అనుమానిస్తాయి, పైగా లోపల ఏముందో చదవడానికి వీలుండదు. చదవడానికి వీలుండాలి అన్నదాన్ని నేను చాలా గట్టిగా పట్టుకుంటాను. ఎందుకో చెప్తాను.

ఇందాక జాగ్రత్త పడాల్సింది ఉందన్నాను కదా. ప్యాకేజీ దిగగానే నడిచే పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టు మన ఆల్‌ఫ్రెడ్ వర్క్‌ఫ్లోకు లింకు పెట్టింది. అదే సౌకర్యాన్ని దొంగలు కూడా వాడుకున్నారు. 2018 జులైలో ఈఎస్‌లింట్-స్కోప్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీకి దొంగ వెర్షన్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసినవాళ్ళ ఎన్‌పీఎం లాగిన్ తాళంచెవులను అది దొంగిలించింది. 2021 అక్టోబర్‌లో యూఏ-పార్సర్-జేఎస్ అనే ప్యాకేజీ అకౌంట్‌ను హైజాక్ చేసి పాస్‌వర్డులు కాజేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. 2025 సెప్టెంబర్‌లో ఒక ప్యాకేజీ నుంచి ఇంకో ప్యాకేజీకి తనంతట తాను పాకే పురుగే వచ్చింది. పీఎన్‌పీఎం అనే ఇంకో మేనేజర్ 10వ వెర్షన్ నుంచి, వెంట దిగే ప్యాకేజీల పోస్ట్‌ఇన్‌స్టాల్‌ను మామూలుగా నడపడమే మానేసింది. ఎన్‌పీఎంలో కూడా వాటిని ఆపే సదుపాయం ఉంది, కానీ ఆపితే వర్క్‌ఫ్లో లింకు పడదు. తీసేసేటప్పుడు ఇంకో తిరకాసు: ఎన్‌పీఎం 7 నుంచి అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు నడవడం లేదు. ప్యాకేజీ పోతుంది, ఆల్‌ఫ్రెడ్ ఫోల్డర్‌లో దిక్కులేని లింకు మిగిలిపోతుంది. చేత్తో తీసేయాలి.

మన విషయంలో ప్రమాదం ఇంకా దగ్గరిది. ఆటోహాట్‌కీ కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ చూడగలదు. మన టేబుల్ ముందు కూర్చున్నవాళ్ళ ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు పాస్‌బుక్కు నంబరు అన్నీ ఆ కీబోర్డు మీదే పడతాయి. కాబట్టి ఎవరో పంపిన స్క్రిప్టును చదవకుండా ఎక్కించుకోవడం అంటే, మనల్ని నమ్మి వచ్చినవాళ్ళ వివరాలను ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టడమే. బకెట్‌ను నలుగురు కలిసి పెట్టుకోండి. ఒకరు రాసింది ఇంకొకరు చదివాకే అందులో చేరాలి. అకౌంట్‌కు రెండంచెల లాగిన్ తప్పనిసరి. గిట్‌హబ్‌లో పెట్టింది ప్రపంచమంతా చూస్తుంది కాబట్టి సెట్టింగుల ఫైలు, నమూనా కోసం వాడిన అసలు దరఖాస్తు అందులోకి వెళ్ళకూడదు. నమూనాకు కల్పిత పేరు, కల్పిత నంబరు పెట్టండి. క్యాప్చాలను, ఓటీపీలను దాటవేసే స్క్రిప్టులు ఆ బకెట్‌లో ఉండనే వద్దు. మన పని టైపింగ్ తగ్గించడం వరకే.

ఇక మీరు అడగండి.

(రెండో వరుసలోంచి ఒక మేడం: సార్, అప్‌డేట్ చేశాను అంటారు, కానీ పాతదే పడుతుంది. ఎందుకు?)

మంచి ప్రశ్న మేడం, ఇది అందరికీ ఎదురవుతుంది. ఆటోహాట్‌కీ మొదలైనప్పుడే స్క్రిప్టు మొత్తాన్ని చదివి మెమరీలో పెట్టుకుంటుంది. డిస్కు మీద ఫైలు మారినా నడుస్తున్నది పాతదే. గడియారం పక్కన ఉండే ఆకుపచ్చ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి రీలోడ్ కొట్టాలి. స్క్రిప్టు రాసేవాళ్ళు అదే మెనూలో వెర్షన్ నంబరు కనపడేట్టు పెడితే ఇంకా మంచిది. అప్పుడు ఫోన్లోనే తెలిసిపోతుంది. ఇంకోటి, స్కూప్‌లో అప్‌డేట్ తనంతట తాను జరగదు. స్కూప్ అప్‌డేట్ అని కొడితే జాబితా మాత్రమే తాజా అవుతుంది. పక్కన ప్యాకేజీ పేరు కూడా ఇస్తేనే కొత్త వెర్షన్ దిగుతుంది. చాలామంది మొదటిది చేసి వదిలేస్తారు.

(వెనకనుంచి ఒక విద్యార్థి: అన్నా, రాసినతను ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్ళిపోతే, కోపం వచ్చి తీసేస్తే?)

జరిగింది తమ్ముడూ. 2016 మార్చిలో ఎన్‌పీఎంలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని రాసినతను వెనక్కి తీసుకుంటే, దాని మీద ఆధారపడిన ప్రాజెక్టులు ప్రపంచమంతా ఆగిపోయాయి. ఆ తర్వాత ఎన్‌పీఎం నియమాలు మార్చింది, 72 గంటలు దాటాక ప్యాకేజీని తీసేయడం ఇప్పుడు అంత సులువు కాదు. మన బకెట్‌లో అంత కాపలా ఉండదు. రిపాజిటరీ ఒక్కరి అకౌంట్ కింద కాకుండా ఆర్గనైజేషన్ అనే ఉమ్మడి అకౌంట్ కింద పెట్టండి, కనీసం ఇద్దరికి పూర్తి హక్కులు ఇవ్వండి. ఒక ఓపెన్ లైసెన్సు ఫైలు కూడా జతచేయండి. అప్పుడు రాసినతను లేకపోయినా మిగతావాళ్ళు దాన్ని హక్కుగా మార్చుకోవచ్చు. గిట్‌లో, అంటే మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్‌లో, పెట్టినదానికి వాడేవాళ్ళ దగ్గర కూడా చరిత్రతో సహా కాపీ ఉండే అవకాశం ఉంది, అది కూడా ఆసరానే.

(కల్వకుర్తి నుంచి వచ్చిన ఒకాయన: కొత్త వెర్షన్‌లో తప్పుంటే? కస్టమర్లు లైన్లో ఉంటారు.)

స్కూప్ పాత వెర్షన్‌ను వెంటనే చెరిపేయదు. మీరు క్లీనప్ కొట్టేదాకా పాత ఫోల్డర్ అలాగే ఉంటుంది. రీసెట్ అని కొట్టి, ప్యాకేజీ పేరు, పాత వెర్షన్ నంబరు ఇస్తే నిమిషంలో వెనక్కి వెళ్తారు. తర్వాత హోల్డ్ పెడితే, తప్పు సరయ్యేదాకా అప్‌డేట్ కాదు. అయినా రద్దీ రోజున ఉదయం అప్‌డేట్ చేయకండి, సాయంత్రం షాపు మూసేముందు చేసి ఒకసారి నడిపి చూడండి.

(అదే ఆయన: కంప్యూటర్ ఫార్మాట్ కొట్టిస్తే మళ్ళీ అన్నీ మొదటి నుంచేనా?)

అక్కర్లేదు సార్. ఫార్మాట్‌కు ముందు స్కూప్ ఎక్స్‌పోర్ట్ అని కొడితే ఏమేం ఇన్‌స్టాల్ అయ్యాయో, ఏ బకెట్ నుంచి వచ్చాయో ఒక ఫైలులో వస్తుంది. ఫార్మాట్ అయ్యాక స్కూప్‌ను, గిట్‌ను వేసుకుని, ఆ ఫైలుతో ఇంపోర్ట్ కొడితే అన్నీ మళ్ళీ దిగుతాయి. ఆ ఫైలులో మీ సెట్టింగులు మాత్రం ఉండవు. స్కూప్ ఫోల్డర్ లోపల పర్సిస్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని వేరుగా కాపీ తీసుకోండి. ఆ ఒక్క పనికి పెన్‌డ్రైవ్ వాడండి, కస్టమర్ల వివరాలేవీ అందులో లేవని ముందు చూసుకుని.